నీలివర్ణం చెప్పిన నిజం - యల్లాప్రగడ సుబ్బారావు

జ్వరం వచ్చినా, నీరసం కలిగినా వైద్యుడు ముందుగా రక్తపరీక్ష చేయించుకొమ్మంటాడు. మరునాటికి మన చేతికి ఒక కాగితం వస్తుంది. అందులో చక్కెర ఇంత, భాస్వరం ఇంత, మాంసకృత్తులు ఇంత అని అంకెలు ఉంటాయి. ఆ అంకెలను చూసి ఊరట చెందుతాం, లేదా కలత పడతాం. కాని కంటికి కనిపించని పదార్థాన్ని ఎవరు, ఎలా తూచి ఈ అంకె వేశారన్న ప్రశ్న మనలో ఎందరికి కలుగుతుంది? రక్తంలో కరిగి ఉన్న భాస్వరానికి రంగు లేదు. దానిని విడదీసి తక్కెడలో పెట్టి తూచాలంటే రక్తం ఎక్కువగా కావాలి, కాలమూ ఎక్కువగా పడుతుంది. ఆ కనిపించని పదార్థం చేత రంగు ధరింపజేసి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి దాని పరిమాణాన్ని తెలుసుకొనే సులభమైన మార్గాన్ని ప్రపంచానికి అందించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. రెవెన్యూ శాఖలో తండ్రి చేసే చిరుద్యోగమే ఆ పెద్ద కుటుంబానికి ఆధారం. ఇంట్లో సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేళ్ళ ప్రాయంలో బంధువైన మరొక బాలునితో కలిసి కాశీకి బయలుదేరారని, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలన్నది ఆ బాలుర ఆలోచన అని చెబుతారు. వెంకమ్మ కొడుకును వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. కొడుకు చదువు విషయంలో ఆ తల్లి పట్టుదల ముందు పేదరికం కూడా తలవంచింది.

రాజమండ్రిలో సాగిన చదువు ఒడుదొడుకుల పాలయింది. ఆప్తుల మరణాలు ఆ కుర్రవాని మనసును కుంగదీశాయి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. ఒకటి రెండు పరీక్షలలో తప్పినంత మాత్రాన జీవితం ముగిసిపోదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆయన చదువుకు ఆర్థికంగా అండగా నిలిచారు. సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడారు.

అవి జాతీయోద్యమం ఊపందుకుంటున్న రోజులు. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించసాగారు. శస్త్రచికిత్సా విభాగంలో తొడుక్కొనే అంగీ కూడా ఖద్దరుదే కావడంతో ఆంగ్లేయుడైన ఆచార్యుడు ఆగ్రహించాడు. రాతపరీక్షలలో చక్కగా నెగ్గినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించినా ఫలితం లేకపోయింది.

ఇంతలో కుటుంబంపై పిడుగు పడింది. ఉష్ణమండల దేశాలలో కనిపించే స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో బలయ్యారు. తిన్న అన్నం ఒంటబట్టక, విరేచనాలతో మనిషి శుష్కించి, రక్తహీనతతో పాలిపోయి మరణించడం ఆ వ్యాధి లక్షణం. అప్పటికి దానికి తగిన మందు లేదు. వైద్యవిద్య అభ్యసించి కూడా సుబ్బారావు తోబుట్టువులను దక్కించుకోలేకపోయారు. తరువాత సుబ్బారావు కూడా అదే వ్యాధి బారినపడి, ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. మందు పనిచేయడం కళ్ళారా చూశారు గాని, అది ఎందుకు పనిచేస్తున్నదో చెప్పగలవారు కనిపించలేదు. ఆ కారణం తెలుసుకోవాలన్న తపన ఆయనను విదేశీ విద్యవైపు మళ్ళించింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత ధనం సమకూర్చారు. 1920ల ఆరంభంలో, నిండు గర్భిణి అయిన భార్యను విడిచి సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరానికి పయనమయ్యారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానన్నది ఆనాటి సంకల్పం. అయితే ఆయన మరి మాతృదేశానికి తిరిగి రాలేదు. తాను వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు. శేషగిరమ్మ జీవితమంతా నిరీక్షణలోనే గడిచిపోయింది. సుబ్బారావు సాధించిన విజయాలను లెక్కించేటప్పుడు ఈ మూల్యాన్ని కూడా లెక్కించడం న్యాయం.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగంలో చేరి డిప్లొమా పొందారు. చేతిలో డబ్బు చాలక పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరారు. పడకల పక్కనున్న మలమూత్ర పాత్రలను శుభ్రపరచడం కూడా ఆ పనిలో భాగం. పగలు విద్యార్థి, రాత్రి సేవకుడు. తరువాత హార్వర్డ్ వైద్య పాఠశాలలోని జీవరసాయన శాస్త్ర శాఖలో ప్రవేశం లభించింది. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. రక్తమూత్రాదులలోని పదార్థాలను రంగుల సాయంతో కొలిచే విద్యలో ఆనాడు ఆయన అగ్రగణ్యుడు. అక్కడే పనిచేస్తున్న సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద సుబ్బారావు పరిశోధన ప్రారంభించారు. ఫిస్కే ఆయనకు అప్పగించిన సమస్య రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని మెరుగుపరచడం.

వినడానికి ఇది చిన్న పనిగా తోస్తుంది. కాని ఎముకల గట్టిదనం, మూత్రపిండాల పనితీరు, గొంతువద్దనుండే పారాథైరాయిడ్ గ్రంథుల స్థితి - ఇవన్నీ రక్తంలోని భాస్వరంతో ముడిపడి ఉన్నాయి. ఆరోగ్యవంతుడైన వయోజనుని రక్తరసంలో నూరు మిల్లీలీటర్లకు అది సుమారు రెండున్నర నుండి నాలుగున్నర మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. ఇంత స్వల్ప పరిమాణంలో జరిగే హెచ్చుతగ్గులను పట్టుకోవాలి. వాడుకలో ఉన్న పద్ధతులలో రంగు నిలకడగా ఉండకపోవడం, రక్తంలోని ఇతర పదార్థాలు అడ్డుతగలడం వంటి చిక్కులు ఉండేవి. కొలత తప్పితే వైద్యుని నిర్ణయం తప్పుతుంది. నిర్ణయం తప్పితే దాని ఫలితం రోగి అనుభవించవలసి వస్తుంది.

ఫిస్కే, సుబ్బారావులు రూపొందించిన పద్ధతి 1925లో ప్రచురితమయింది. అందులోని క్రమం తెలుసుకోదగినది. మొదట రక్తానికి ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లాన్ని చేర్చుతారు. దానితో మాంసకృత్తులు పాలు విరిగినట్లుగా విరిగి అడుగున చేరతాయి. వడగట్టగా వచ్చిన తేటలో ఫాస్ఫేటు రూపంలో ఉన్న భాస్వరం మిగులుతుంది. దానికి ఆమ్లంలో కలిపిన మాలిబ్డేటును చేర్చితే రెండూ జతకూడి ఒక సంయోగ పదార్థం ఏర్పడుతుంది. పిమ్మట అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణ కారకాన్ని కలుపుతారు. అప్పుడు ఆ ద్రావణం నీలివర్ణాన్ని పొందుతుంది. భాస్వరం ఎక్కువగా ఉంటే ముదురు నీలం, తక్కువగా ఉంటే లేత నీలం. తగిన క్షయకరణ కారకాన్ని ఎంచుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం. దానివల్ల కొద్ది నిమిషాలలోనే స్ఫుటమైన రంగు వచ్చేది.

ఆ రంగును పోల్చడానికి ఆనాడు కలరీమీటరు అనే సాధనాన్ని వాడేవారు. ఒక పాత్రలో ఎంత భాస్వరం ఉన్నదో ముందే తెలిసిన ప్రమాణ ద్రావణం, రెండవ పాత్రలో రోగి రక్తం నుండి తయారుచేసిన ద్రావణం ఉంచుతారు. కంటికి కనిపించే వృత్తంలో సగం ఒక ద్రావణపు రంగు, సగం మరొక ద్రావణపు రంగు కనిపిస్తుంది. రెండు సగాలూ ఒకే ఛాయలో కనిపించే వరకు ద్రావణాల లోతును మార్చుతూ పోతారు. ఛాయలు సమానమయినప్పుడు ఆ లోతులను బట్టి గణించి భాస్వరం పరిమాణాన్ని చెప్పవచ్చు. తెలిసినదానితో తెలియనిదాన్ని పోల్చడమే కొలత. ఈ సూత్రం బజారులోని తక్కెడకూ, ప్రయోగశాలలోని కలరీమీటరుకూ సమానమే.

ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ఇది వివిధ దేశాల ప్రయోగశాలలలో పాతుకుపోయింది. తరతరాల జీవరసాయన శాస్త్ర విద్యార్థులు తమ ప్రయోగాలలో దీనిని అభ్యసించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పిన విద్యార్థి పేరు పాఠ్యగ్రంథాలలో ఒక పద్ధతికే పేరయింది. అయితే ఈ కథ ఇక్కడితో ఆగలేదు. అసలైన మలుపు ఆ పద్ధతి సరిగా పనిచేయనట్లు కనిపించిన చోట వచ్చింది.

రక్తం తరువాత వారు కండరాలలోని భాస్వరాన్ని కొలవడానికి పూనుకున్నారు. మాంసకృత్తులను తొలగించిన కండర ద్రావణానికి యథావిధిగా కారకాలను కలిపారు. రక్తమయితే అనుకున్న వేళకు నీలిరంగు పూర్తిగా వచ్చి నిలిచేది. కండర ద్రావణంలో అలా జరగలేదు. రంగు ఆలస్యంగా, మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఇటువంటి సందర్భంలో ఎవరికైనా మొదట కలిగే ఆలోచన ఒకటే - ఎక్కడో పొరపాటు జరిగింది, ద్రావణాన్ని పారబోసి మళ్ళీ మొదలుపెడదామని. ఫిస్కే, సుబ్బారావులు అలా పారబోయలేదు. తమ పద్ధతి నమ్మదగినదని వారికి తెలుసు. కాబట్టి ఆ ఆలస్యానికి కారణం కండరంలోనే ఉండాలని భావించారు.

వారి ఊహ నిజమయింది. కండరంలోని భాస్వరంలో ఎక్కువ భాగం స్వేచ్ఛగా లేదు. అది క్రియాటిన్ అనే పదార్థంతో బలహీనంగా ముడిపడి ఉంది. ఆమ్ల ద్రావణంలో ఆ ముడి కొంచెంకొంచెంగా విడిపోతూ ఉండడం వల్ల రంగు కూడా కొంచెంకొంచెంగానే పెరుగుతున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దీనిని ప్రకటించారు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా స్వతంత్రంగా ఈ పదార్థం జాడను పట్టుకున్నారు. కండరం పనిచేసినప్పుడు ఈ పదార్థం తరిగిపోతుందని, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్ళీ సమకూరుతుందని ఫిస్కే, సుబ్బారావులు చూపారు.

ఇక్కడితో కూడా వారి అన్వేషణ ఆగలేదు. కండర ద్రావణాలలోని భాస్వర సమ్మేళనాలను ఒక్కొక్కటిగా వేరుచేస్తూ 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును గుర్తించారు. నేడు ఇంటర్మీడియట్ జీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన ఏటీపీ అదే. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సంవత్సరం దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు. అంతవరకు కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రలోకం భావించేది. కండర పరిశోధనకుగాను హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలు వెలుగు చూసిన తరువాత, 1930లో లుండ్స్‌గార్డ్ చేసిన ప్రయోగాలతో ఆ సిద్ధాంతం కదలిపోయింది. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం సంకోచించగలదని రుజువయింది. మనం నడవడానికి, మాట్లాడడానికి వెచ్చించే శక్తి భాస్వర బంధాల ద్వారా చేతులు మారుతుందన్న జ్ఞానానికి, ఆలస్యంగా వచ్చిన ఒక నీలిరంగు దారి చూపింది.

సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టా పొందారు. ఇంత సాధించినా ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. తనను గురించి చెప్పుకొనే స్వభావం ఆయనకు లేదు. పత్రికల వారి కంటబడకుండా తప్పించుకు తిరిగేవారు. 1940లో హార్వర్డ్‌ను విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు.

లెడర్లీలో ఆయన చేపట్టించిన పనులలో ఫోలిక్ ఆమ్ల పరిశోధన ముఖ్యమైనది. దీనికి పూర్వరంగం మనదేశంలోనే జరిగింది. బొంబాయిలో గర్భవతులైన మిల్లు కార్మిక స్త్రీలకు వచ్చే రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు పరిశీలించి, ఈస్టు సారంలోని ఏదో పదార్థం దానిని నయం చేస్తున్నదని గుర్తించింది. ఆ పదార్థం ఏమిటో తేల్చడానికి లెడర్లీ శాస్త్రజ్ఞులకు మళ్ళీ ఒక కొలత అవసరమయింది. ఈసారి కొలబద్ద రంగు కాదు, ఒక సూక్ష్మజీవి. ఆ పదార్థం ఎంత ఉంటే లాక్టోబాసిల్లస్ అంతగా వృద్ధిచెందుతుంది. ఆ వృద్ధిని కొలుస్తూ, కాలేయ సారం నుండి అసలు పదార్థాన్ని స్ఫటిక రూపంలో వేరుచేశారు. 1945లో లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. తరువాత టామ్ స్పైస్ వంటి వైద్యులు ఇచ్చి చూడగా స్ప్రూ రోగులలో రక్తం వృద్ధిచెంది, ఆకలి పుట్టి, బలం చేకూరింది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికింది. కాని వారు మరణించి అప్పటికి పాతికేళ్ళు గడిచాయి.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమైనాప్టెరిన్ కూడా అదే ప్రయోగశాలలో తయారయింది. దానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా సోకిన పిల్లలకు వాడాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు అది నాంది. బోదకాలు వ్యాధికి వాడే డై ఇథైల్ కార్బమజైన్ 1947లో లెడర్లీ నుండే వెలువడింది. తరువాతి కాలంలో తెలుగు జిల్లాలలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలు అవే. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన తొలి సూక్ష్మజీవనాశక ఔషధం ఆరియోమైసిన్‌ను సుబ్బారావు సంచాలకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. అది 1948లో లోకానికి పరిచయమయింది.

అదే సంవత్సరం ఆగస్టులో, తన 53వ ఏట సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. ఆ మరణవార్త దేశంలో చాలామందికి తెలియనే లేదు. ఆయన మందులతో ప్రాణాలు దక్కించుకున్నవారు కూడా ఆయన పేరు ఎరుగరు. తరువాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.

ఆయన అడుగుపెట్టిన కొలతల విద్య మాత్రం ఎదుగుతూనే ఉంది. భాస్వరాన్ని కొలవడం కోసం మాంసకృత్తులను విరిచి పక్కకు తొలగించిన సంగతి చూశాం. ఆ మాంసకృత్తులనే కొలవడానికి ఫోలిన్ రూపొందించిన కారకం ఆధారంగా ఆలివర్ లౌరీ 1951లో ఒక పద్ధతిని ప్రకటించాడు. అందులోనూ నీలివర్ణమే సాక్షి. 1976లో బ్రాడ్‌ఫర్డ్ ఉన్నిబట్టల అద్దకానికి పుట్టిన కూమాసీ నీలాన్ని ఈ పనికి వినియోగించాడు. ఆపైన ప్రతిదీప్తి గల రంగులు వచ్చాయి. వీటిలో కొన్ని నీటిలో ఉన్నప్పుడు దాదాపు వెలుగు చూపవు. సబ్బు గుణం గల డిటర్జెంటు అణువులు మాంసకృత్తులను చుట్టుకొన్నప్పుడు, నీటి స్పర్శలేని ఆ చోట రంగు చేరి ప్రకాశిస్తుంది. ఆ కాంతిని బట్టి రక్తరసంలోనో, మూత్రంలోనో ఉన్న అతి స్వల్ప పరిమాణాన్ని సైతం పసిగట్టవచ్చు. అయితే డిటర్జెంటు మోతాదు మించితే మాంసకృత్తులు లేకపోయినా అది గుంపుకట్టి రంగును వెలిగిస్తుంది, లెక్క తప్పుతుంది. కంటికి బదులు యంత్రం వచ్చింది, నీలిరంగుకు తోడు వెలుగు వచ్చింది. ప్రమాణంతో పోల్చడం, అడ్డుతగిలే వాటిని కనిపెట్టి ఉండడం అన్న రెండు నియమాలు మాత్రం మారలేదు.

విద్యార్థులకు సుబ్బారావు జీవితం ఇచ్చే సందేశం ఇక్కడే ఉంది. ఆయన కష్టపడి చదివారు, నిజమే. పేదరికాన్ని జయించారు, అదీ నిజమే. కాని ఆయనను గొప్ప శాస్త్రజ్ఞునిగా నిలిపిన గుణం మరొకటి. తాను ఆశించిన ఫలితం రానప్పుడు, వచ్చిన ఫలితాన్ని గౌరవించి అది ఏమి చెబుతున్నదో ఓపికగా విన్నారు. ప్రయోగశాలలో మన పరీక్షనాళికలోని రంగు పుస్తకంలో చెప్పినట్లు రానప్పుడు పక్కవారి అంకెను చూసి మన పుస్తకంలో రాసుకోవడం సులభం. నాళికలో కనిపించినదే రాసి, అలా ఎందుకు వచ్చిందని ప్రశ్నించడం కష్టం. ఆ కష్టమైన దారిలో నడిచినందువల్లనే భీమవరంలో పుట్టిన ఒక బాలుడు ప్రాణుల శక్తి రహస్యాన్ని అందుకోగలిగాడు.